పావగడ సీమలో తిప్పయు, ఇంటి కంపోస్టును: ఒక చారిత్రక పరిశీలనము

తుమకూరు జిల్లాలోని తాలూకాలలో పావగడకు ఒక ప్రత్యేకస్థితి కలదు. జిల్లాలో లెక్కింపబడుచున్నను ఇది జిల్లా తక్కిన భాగమునుండి విడివడియున్నట్లే యుండును. పడమట చిత్రదుర్గము జిల్లా, తక్కిన దిక్కుల మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గముల ఆంధ్రభూమి దీనిని చుట్టియున్నవి. పరిపాలన మొదట మైసూరు రాజ్యముది, పిమ్మట కర్ణాటక రాష్ట్రముది. ఇంటి మాట చాలవఱకు తెలుగు. నిడుగల్లు కొండను గూర్చి, అచట చోళవంశీయులమని చెప్పుకొని యేలిన ప్రభువులను గూర్చి, వారి శాసనములను గూర్చి వ్రాసిన పండితులు కలరు. ఆ కోటలకు ధాన్యము పంపిన చేలకు బలమిచ్చిన పెంటగుంతను గూర్చి వ్రాసినవారు మాత్రము అరుదు. చరిత్రకారుని దృష్టికి అది అంత చిన్న వస్తువు కాదు. ఎఱ్ఱని గరుసునేల, ఏడాదికి సగటున ఆఱువందల మిల్లీమీటర్లకు మించని వాన, ఈ రెంటితో ఒక సీమ శతాబ్దులపాటు బ్రతికినదనగా నేలకు తిరిగి యిచ్చు పద్ధతి యేదో యచ్చటివారికి తెలిసియుండవలెను. ఆ పద్ధతి యెట్టిది, దానిలో లోపమేమి, ఇరువదవ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు దానిని ఎట్లు దిద్దిరి, ఈనాడు పెరడు గల గృహస్థు దానిని ఎట్లు మొదలిడవచ్చును అనునవి యీ వ్యాసమునకు విషయములు.

మొదట మాటలను పరిశీలింతము. పశువుల పేడ, కొట్టములోని కసువు, పొయ్యి బూడిద చేర్చిన కుప్పకు తెలుగున దిబ్బ యనియు పెంట యనియు పేర్లు. కడప మొదలగు జిల్లాలలో ఉద్యోగము చేసిన బ్రౌను దొర 1852లో ముద్రింపించిన నిఘంటువున పెంట శబ్దమునకు ఈ యర్థము కలదు. కన్నడమున దీనిని తిప్పె యందురు. 1894నాటి కిట్టెల్ నిఘంటువున నామాట కాననగును. రెండు భాషలు కలిసి మెలగు పావగడ వీథులలో దిబ్బ, తిప్ప యను రెండు రూపములును వినవచ్చును. చేనికి బండ్లతో ఎరువు చేర్చుటకు 'దిబ్బ తోలుట' యని రాయలసీమ వాడుక. పెంటకును పంటకును నడుమ భేదము ఒక్క గుడియంత కూడ లేదు. ఒక్క ఎత్వము మాత్రమే. ఇది నిరుక్తి కాదు, విని సంతోషించుటకు మాత్రమే.

మనుష్యుల పేర్లు ఇంకను ఆసక్తికరములు. తిప్పయ్య, తిప్పమ్మ, తిప్పేస్వామి యను పేర్లు పావగడ, చెళ్ళకెఱె, మడకశిర ప్రాంతములలో విరివిగా కలవు. వీనిలో తిప్పేస్వామి యను పేరు చెళ్ళకెఱె తాలూకాలోని నాయకనహట్టి తిప్పేరుద్రస్వామి మీది భక్తిచే వ్యాపించినది. ఆ మహనీయుడు చెఱువులు త్రవ్వించినవాడని ప్రసిద్ధి. తక్కిన పేర్లకు వేఱొక ఆచారము మూలము. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోయిన యింట తరువాతి శిశువును తిప్పమీద క్షణకాలము పరుండబెట్టి, ఎవరో పారవేసిన బిడ్డవలె మరల ఎత్తుకొని, ఆ పేరే పెట్టుచుండిరి. తెలంగాణములోని పెంటయ్య, పెంటమ్మ యను పేర్లును ఇట్టివే. నీచమైన పేరు పెట్టినచో మృత్యువు కంటబడదను నమ్మకమే దీనికి కారణమని సాధారణముగ చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని అన్నిటిని చంపివేయు చోటు కాదు తిప్ప. చచ్చిన ఆకును, ఎండిన గడ్డిని మరల బ్రతికించు చోటు. రైతు స్త్రీకి అది తెలియక పోలేదు. కన్నడ సీమలోని పెక్కు పల్లెలలో దీపావళినాడు తిప్పమీద కూడ ఒక దీపముంచు ఆచారము కలదు. నీచవస్తువునకు ఎవ్వరును దీపము పెట్టరు.

గ్రంథస్థ ప్రమాణములును లేకపోలేదు. కృషిపరాశరమను సంస్కృతగ్రంథము మాఘమాసమున పేడకుప్పను పూజించి, త్రవ్వి, ఎండించి, పొడిచేసి, ఫాల్గునమున చేనిలో గుంతలలో నుంచి, విత్తునాటికి చల్లవలెనని విధించినది. 1800లో మైసూరు రాజ్యమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానను శ్రీరంగపట్టణ పరిసరముల రైతులు గుంత త్రవ్వి అందు పేడను, కొట్టపు చెత్తను, ఇంటి బూడిదను చేర్చుటను చూచి వ్రాసికొనెను. అతని యాత్రాగ్రంథము 1807లో వెలువడినది. పావగడ రైతు పద్ధతియు ఇదియే. దీనికి తోడు గొఱ్ఱెల మందను రాత్రులందు చేనిలో పండబెట్టుట, వేసవిలో ఎండిన చెఱువునుండి పూడికమన్ను తోలుట, కానుగ ఆకును చేలలో కలుపుట యను మూడు ఉపాయములు కలవు. గొల్లలు, కురుబలు అధికముగ గల యీ సీమలో మందయెరువుకు విలువ యెక్కువ.

ఇక లోపములు. పాతపద్ధతిని పొగడుటయే పనిగా పెట్టుకొన్నవారు వీనిని దాటిపోవుదురు. అది న్యాయము కాదు. తిప్ప తెఱపిగా నుండును. ఎండకు ఎండి, గాలికి ఎగిరి, వానకు దానిలోని సారము కాలువలబడి పోవును. పేడలోని నత్రజని ఆవిరియై పోగా మిగిలినది చాలవఱకు పీచు. పశువుల మూత్రమును పట్టి నిలుపు ఏర్పాటు లేనందున అది కొట్టపు నేలలోనే యింకిపోవును. పేడలో కొంతభాగము పిడకలై పొయ్యికి పోవును. 1889 మొదలు 1891 వఱకు ఈ దేశమున పర్యటించి 1893లో నివేదిక ప్రకటించిన వోల్కరు అను రసాయనశాస్త్రజ్ఞుడు ఈ విషయమును నొక్కి చెప్పెను. రైతు తెలివితక్కువచే పేడను కాల్చుటలేదనియు, వంటచెఱకు లేకపోవుటచే కాల్చుచున్నాడనియు, కట్టెలనిచ్చు వనములు పెంచినచో పేడ దానంతట అది చేనికి చేరుననియు అతని వాదము. చెట్టు తక్కువైన పావగడకు ఇది అక్షరాల చెల్లును.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఈ విషయము ప్రయోగశాలకు ఎక్కినది. బెంగుళూరున 1909లో నెలకొన్న భారతీయ విజ్ఞానసంస్థలో మాంచెస్టరునుండి వచ్చిన గిల్బర్టు ఫౌలరు ఊరి మురుగును, చెత్తను ఎరువుగ మార్చు ప్రయోగములు జరిపెను. బాగుగ మాగుచున్న కుప్పలోని కొంతభాగమును తీసి క్రొత్తకుప్పలో కలిపినచో క్రొత్తది శీఘ్రముగ మాగునని ఆయన వర్గము చూపినది. పాలకు తోడు వేయు ఇల్లాలికి ఈ సూత్రమును వివరింప నక్కఱలేదు.

తరువాత ఆల్బర్టు హోవార్డు. ఈయన 1905లో పూసా పరిశోధనసంస్థకు వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చి, 1924 మొదలు 1931 వఱకు ఇందూరులోని సంస్థను నడపెను. ఈ దేశపు రైతులే తనకు గురువులని చెప్పుకొన్న వినయము ఆయనది. యశ్వంత్ వాడ్ అను సహచరునితో కలిసి 1931లో ఆయన ప్రకటించిన గ్రంథమున 'ఇందూరు పద్ధతి' వివరింపబడినది. ఆకు, గడ్డి, మోడు మొదలగు పొడివస్తువులను, పేడను, మూత్రము పీల్చిన కొట్టపు మట్టిని, బూడిదను పొరలు పొరలుగ పేర్చి, నీరు చిలికించి, కొన్నివారముల కొకసారి తిరుగవేయుచుండిన మూడునెలలలో ఎరువు సిద్ధమగును. కంపోస్టు అను మాటకు లాటిను మూలములో 'కలిపి యుంచినది' యని అర్థము; ఇందూరు పద్ధతి ఆ పేరునకు తగినది. 1935లో గాంధీజీ ఇందూరు వెళ్ళినప్పుడు ఆ సంస్థను దర్శించెను. ఆయన 'హరిజన్' పత్రికద్వారా ఈ విషయము దేశమునకు ఎఱుకయైనది.

ఇందూరు పద్ధతి గొప్పదే. కాని అది నీరు గల రైతు పద్ధతి. కుప్పను పేర్చునపుడును, తిరుగవేసిన ప్రతిసారియు నీరు పోయవలెను. ఎండాకాలమున త్రాగునీటికి బిందెలు వరుసబెట్టు పావగడలో చెత్తమీద పోయుటకు నీరెక్కడిది? పనివాండ్ర చేతులును ఎక్కువ కావలెను. ఈ చిక్కునకు పరిష్కారము పావగడకు నూఱుమైళ్ళ దూరములోనే, బెంగుళూరులో దొరకినది.

1939లో భారతీయ విజ్ఞానసంస్థయందు సి. ఎన్. ఆచార్య రూపొందించిన దానిని 'బెంగుళూరు పద్ధతి' యందురు. పద్ధతి సులభము. సుమారు మూడడుగుల లోతుగల గుంతలో పొడిచెత్త ఒక పొర, తడిపదార్థము ఒక పొర చొప్పున నింపి, నేలకంటె అడుగు ఎత్తు వఱకు పేర్చి, పైన మట్టితో మెత్తి మూసివేయుదురు. మొదటి ఎనిమిది పదిదినములు లోపల చిక్కిన గాలితో కుప్ప బాగుగ వేడెక్కును. పిమ్మట గాలి తఱిగి, మెల్లమెల్లగ మాగును. ఆఱు మొదలు ఎనిమిది మాసములు పట్టును. తిరుగవేయుట లేదు, నడుమ నీరు పోయుటయు లేదు. మూతయుండుటచే ఎండ, గాలి, వాన, ఈగ యను నాలుగు శత్రువులును లోపలికి రావు. నత్రజని నష్టము మిక్కిలి తక్కువ. వాన తక్కువైన ప్రదేశములకు ఇది తగినదని తరువాతి శాస్త్రజ్ఞులందఱును అంగీకరించిరి. పాత తిప్పలోని దోషములన్నిటికి మందు ఒక్క మట్టిమూత యని తేలుట ఆశ్చర్యము. గుంత పాతది, పేడ పాతది, కసువు పాతది. మూత ఒక్కటే క్రొత్తది.

కాలము పట్టుట ఈ పద్ధతికి లోపమని పుస్తకములు వ్రాయును. పావగడ పంచాంగముతో పోల్చి చూచిన అది లోపము కాదు, అనుకూలము. ఇచట ప్రధానమైన మెట్టపంట వేరుశెనగ. ఆషాఢము ప్రాంతమున విత్తి కార్తికము ప్రాంతమున పెఱుకుదురు. పంట ఇల్లు చేరిన తరువాత మార్గశిరమున ఆకు, పొట్టు, కసువు అన్నియు ఒక్కసారి చేతికి వచ్చును. వాననీటి చెమ్మ ఇంకను కొంత మిగిలియుండును. అప్పుడు మూసిన గుంత ఏడుమాసములు నిండి సరిగా విత్తుకాలమునకు తెఱవవచ్చును. వేసవి నాలుగు నెలలును దానికి ఒక్క బిందె నీరు కూడ అక్కఱలేదు. మూడునెలల ఎరువు ఫాల్గునమున సిద్ధమై ఎండలో పడియుండి ఏమి ప్రయోజనము?

ఇచట చెప్పక తప్పని విషయ మొకటి కలదు. ఆచార్య పద్ధతిలో తడిపొరగ ప్రధానముగ వాడినది పట్టణములలోని పాయిఖానా మలము. 1943 తరువాత అధికాహారోత్పత్తి ఉద్యమకాలమున పురపాలక సంఘములు ఈ పద్ధతి నవలంబించి ఎరువు తయారుచేసినవి. ఆ మలమును గంపలతో తలపై మోసికొని గుంతకు చేర్చినవారు ఎవరు? ఒకే కులమున పుట్టిన పాపమునకు తరతరములుగా ఆ పనికి కట్టుబడినవారు. నివేదికలలో గుంత పొడవు కలదు, నత్రజని పాళ్ళు కలవు. ఆ చేతుల లెక్క లేదు. 1970లలో కర్ణాటక మంత్రిగా నుండిన బి. బసవలింగప్ప తలపై మలము మోయుటను నిషేధించెను. 1993లోను, 2013లోను కేంద్రశాసనములు వచ్చినవి. శాసనము వచ్చిననాడే అన్నిచోట్ల ఆ పని నిలిచినదని చెప్పుటకు వీలులేదు. ఎరువు చరిత్ర వ్రాయువారు ఈ పుటను చింపివేయరాదు. గృహస్థు చేయు కంపోస్టునకు ఆ పదార్థముతో పనియే లేదు. పేడనీళ్ళు, వంటింటి తడిచెత్త చాలును.

ఇప్పుడు మొదటిసారి గుంత త్రవ్వువారికి కావలసిన విషయము. చేదబావికి, బోరుబావికి, ఇంటిగోడకు ఎడముగ, వాననీరు నిలువని మెరకలో, వీలైనచో వేపనీడను చోటు చూడవలెను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఒక కుటుంబమునకు చాలును. చోటున్నచో ఇట్టివి రెండు త్రవ్వుట మేలు: ఒకటి నిండుచుండగా ఒకటి మాగుచుండును. పొడివస్తువులను ముందుగా సంచులలో చేర్చి పెట్టుకొనవలెను. రాలిన వేపాకు, కానుగాకు, చింతాకు, వేరుశెనగ పొట్టు, చిదిమిన కందికంప, వీథికసువు ఇవన్నియు పనికివచ్చును. వేరుశెనగ పొట్టు ఈ సీమలో కొల్లలు; కాని అది గట్టిది, ఒంటరిగా మాగదు. ఒకరాత్రి పేడనీటిలో నానవేసి, ఆకుతో కలిపి, మొత్తములో మూడవవంతు మించకుండ వాడవలెను. కందికంప వ్రేలెడు ముక్కలు కాకున్న ఏడాదికైనను అట్లే యుండును.

అడుగున ఆఱంగుళముల పొడియాకు పఱచి, దానిపై కూరగాయల తొక్కలు, వాడిన పూలు, మిగిలిన పచ్చియాకు రెండంగుళములు వేసి, పేడను నీళ్ళలో పలుచగ కలిపి చిలికించి, పిడికెడు మట్టి, చిటికెడు బూడిద చల్లవలెను. ఇది యొక వరుస. బూడిద యెక్కువైనచో నత్రజని ఎగిరిపోవును గనుక చిటికెడే యనుట. ఆవు లేని యిల్లు ఎక్కువైన యీ కాలమున పేడ దొరకకపోవచ్చును. అప్పుడు పొరుగువారి పాత ఎరువు ఒక గంప తెచ్చి కలిపినను తోడుగ పనిచేయును. ఇది ఫౌలరు చెప్పినదే. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు పోయవచ్చును, సబ్బునీరు కూడదు. నూనె పదార్థములు, మాంసము, ఎముకలు వేసినచో కుక్కలు గుంతను నిలువనీయవు. ప్లాస్టికు ముక్క ఒక్కటియు పడరాదు. అది మాగదు, ఏఱుటయు కష్టము. పూతకు వచ్చిన కాంగ్రెసు గడ్డిని ఎంతమాత్రము వేయరాదు. బెంగుళూరు గుంతలో వేడి కొలదిదినములే యుండును గనుక విత్తనములు అన్నియు చావవు. ఈ పద్ధతికి నిజమైన లోపము ఇదియే.

తేమను చేతితో తెలిసికొనవలెను. కలిపిన చెత్తను పిడికిట పట్టి గట్టిగ పిండిన వ్రేళ్ళసందున ఒకటి రెండు చుక్కలు మాత్రము కనబడవలెను. నీరు కారినచో ఎక్కువ, చేయి పొడిగ నున్నచో తక్కువ. మొదలుపెట్టువారు చేయు తప్పులలో ఎక్కువ భాగము ఇక్కడనే. తడి యెక్కువై కంపు కొట్టినచో పొడియాకు కలుపవలెను. నాలుగుదినములైనను వెచ్చదనము పుట్టకున్న పేడనీళ్ళు చాలలేదని యర్థము. ఒక ఇనుపకడ్డీని లోపల గుచ్చి కొంతసేపటికి తీసి పట్టుకొనిన వెచ్చదనము తెలియును. గుంత నేలమట్టము దాటి అడుగెత్తు వచ్చిన తరువాత ఎనిమిది పదిదినములు పైన ఆకు కప్పియుంచి, కుప్ప క్రుంగిన పిమ్మట మట్టియు పేడయు కలిపి అంగుళము మందమున మెత్తవలెను. చైత్రవైశాఖముల ఎండకు మూత పగుళ్ళు విచ్చును. ప్రతిదినము వాకిట కల్లాపి చల్లు యిల్లాలు మిగిలిన నీళ్ళను దానిపై పోసి చేతితో రాచిన చాలును.

మాగిన ఎరువు నల్లగ, పొడిగ నుండును; తొలకరి మట్టివాసన వచ్చును; ఇది వేపాకు, ఇది చింతాకు అని గుర్తుపట్ట వీలుకాదు. గుర్తుపట్ట వీలైనచో ఇంకను మూయవలెను. తొందరపడి సగము మాగినదానిని చేనిలో వేయుటచే పావగడ నేలలో రెండు కీడులు కలుగును. అది మాగుటకు నేలలోని నత్రజనినే తీసికొనును గనుక మొక్క పసుపుబాఱును. చెదలును వేరుపురుగును దానివెంట వచ్చి వేరుశెనగ వేళ్ళను కొట్టును. పెద్దలు పచ్చిదిబ్బ తోలవద్దనుటకు కారణ మిదియే.

1980ల నుండి బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున రాధా కాలె మొదలగువారి కృషివలన వానపాముల ఎరువు ప్రచారమునకు వచ్చినది. అది మేలైన ఎరువే. వానపామునకు నిత్యము చెమ్మయు నీడయు కావలెను. నీటివసతి కలవారు చేయవచ్చును. అంగళ్ళలో అమ్ము ప్లాస్టికు పీపాలను గూర్చి వేఱుగ వ్రాయనక్కఱలేదు. అడుగు చిల్లిపడిన పాతబాన ఆ పనియే చేయును.

సీమ స్థితి మాఱినది. ఎద్దులచోట ట్రాక్టర్లు వచ్చినవి. ఇంటికొక కొట్టము అను మాట పోయినది. తిరుమణి, వళ్ళూరు, బలసముద్రము మొదలగు గ్రామముల పొలములు సుమారు 13,000 ఎకరములు కవులుకు పోగా 2018లో ప్రారంభమైన సౌరవిద్యుత్ కేంద్రము 2019 చివరకు 2,050 మెగావాట్ల శక్తి కలదైనది. వాన నమ్ముకొని నష్టపోయిన రైతునకు ఏటేట కవులుసొమ్ము చేతబడుట చిన్న మేలు కాదు. అయితే మేపునేల తఱిగినది. పశువులు తఱిగిన చోట పేడ తఱిగినది. ఇదివఱకు పెరటిలో ఊరక దొరకిన వస్తువును ఇప్పుడు బండికింత యని కొనవలసివచ్చుచున్నది. ఇట్టి సమయమున పశువు లేని యిల్లు కూడ చేయదగిన ఎరువు ఇంటి కంపోస్టు ఒక్కటే. పైన చెప్పిన కొలతల గుంతలో పట్టు చెత్త మాగి సగమునకో, మూడవవంతునకో దిగును. గంపలలో కొలిచిన పండ్రెండు మొదలు పదునైదు గంపలు వచ్చును. జల్లించి, రెండుపాళ్ళు మట్టికి ఒకపాలు చొప్పున కలిపిన కుండీలకు సరిపోవును; పెరటిలోనైనచో ఒక చిక్కుడు పందిరికి, కరివేపచెట్టుకు, రెండు వంగమడులకు ఆ యేటికి చాలును. జల్లెడపై మిగిలిన గరుకును పారవేయక, మరునాడు నింపబోవు గుంతలో తోడుగ వేయవలెను.